అత్తయ్యగారి తెలుగు మిషన్

సంక్రాంతి ముందు ఇల్లు దులుపుతూ పెరటి వసారాలో ఓ మూల గోనెపట్టా తీస్తే టైపు మిషన్ కనబడింది. కనబడింది అంటున్నాను గానీ, దాన్ని అక్కడ పడేసింది నేనే. 14 ఏళ్ల క్రితం పెద్ద ఫ్రిజ్ కొన్నప్పుడు హాల్లో చోటు చాలక, "ఇంకెవరు కొడతారు దీన్ని" అని మా ఆయన చేత మోయించి వసారాలో పెట్టించాను. అత్తయ్యగారు ఆ రోజు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడాన్ని నేను ఒప్పుకున్నట్టు లెక్కేసుకున్నాను. కోడళ్లం చాలామందిమి వేసే లెక్కే అది.

బందరు గాలి సంగతి ఇక్కడి ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గ్యాసు స్టవ్ కాళ్ల నుంచి గేటు గడియ దాకా ఏది వదిలినా తుప్పు పట్టిస్తుంది. 14 ఏళ్లు ఆ గాలికి ఉన్న మిషన్ ఎలా ఉంటుందో అలాగే ఉంది. మీటలు నొక్కితే కిందికి వెళ్లినవి పైకి రాలేదు. క్యారేజీ ఓ పక్కకు ఒరిగి నిలబడిపోయింది.

ఎప్పటిలా గోనెపట్టా మళ్లీ కప్పేసేదాన్నే. కానీ ఈ ఏడాది సంగతి వేరు. షుగరు వల్ల అత్తయ్యగారి చూపు బాగా తగ్గిపోయింది. ఉన్న చూపు కాపాడుకోవడమే, పోయింది రాదన్నారు డాక్టరు గారు. పేపరు చదవడం పోయింది. ఫోను సరేసరి, అద్దం మీద వేలికి అక్షరం తగలదు కదా. నెల క్రితం ఓ మధ్యాహ్నం అన్నం తింటూ ఎడమ చేతి వేళ్లు టేబుల్ అంచు మీద ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తున్నారు. ఏంటత్తయ్యా అని అడిగితే, "ఏం లేదమ్మాయ్, ఏ ఎస్ డి ఎఫ్" అని నవ్వారు. వసారాలో గోనెపట్టా ముందు నిలబడినప్పుడు నాకు ఆ వేళ్లే గుర్తొచ్చాయి.

మా పిల్లలకు ఈ మిషన్ గురించి ఒక కథ ఉంది. వాళ్లకే కాదు, మా ఆయనకూ అదే కథ. ఇది దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయి తేలి వచ్చిన మిషన్ అని. అత్తయ్యగారిది నాగాయలంక వైపు ఓ చిన్న ఊరు. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటిన రోజు సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఇలా ఆ పేర్లు చెబితే మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు. పోయినవాళ్లు పది వేలని సర్కారు లెక్క, చూసినవాళ్లెవరూ ఆ లెక్కతో సరిపెట్టుకోరు. అవనిగడ్డలో స్థూపం ఉంది, ఆ వైపు వెళ్లినప్పుడు చూడండి. అప్పటికి అత్తయ్యగారికి 17 ఏళ్లు.

మిషన్ తుడవడానికి ముందు అదేమిటో తెలుసుకోవాలి గదా. పేరు పలక మీద గోద్రెజ్ అని ఉంది. ఆ కంపెనీ మన దేశంలో టైపు మిషన్లు చెయ్యడం మొదలుపెట్టింది 1955లో. 2009లో ఆపేశారు, 2011లో ఆ కబురు ప్రపంచమంతా వార్తయింది. ఈ రెండు తేదీల మధ్య మా మిషన్ ఎప్పటిదో పలక చెప్పదు. క్యారేజీని చేత్తో పక్కకు నెట్టి టార్చిలైటు వేస్తే ఫ్రేము మీద కొట్టిన నంబరు దొరికింది గానీ, నంబరు నాకేం తెలుస్తుంది? రిబ్బను మీది మూత తీసి లోపలి వైపు చూస్తే సూదితో గీసినట్టు సన్నగా "3-84" అని, దాని కింద ఇంకో మూడు తేదీలు ఉన్నాయి. ఆ పైన ఎర్ర రంగుతో 6 అని అంకె. ఆరో నంబరు మిషన్ అన్నమాట. ఇళ్లలో మిషన్లకు నంబర్లు వెయ్యరు, ఇన్‌స్టిట్యూట్లలో వేస్తారు.

ఇక శుభ్రం చెయ్యడం. నా తెలివితక్కువ కూడా చెప్పాలి, మీలో ఎవరి అటక మీదైనా ఇలాంటిది ఉంటే పనికొస్తుంది. కుట్టుమిషన్‌కి నూనె వేసే అలవాటు కొద్దీ, అక్షరపు కమ్ములన్నీ కూర్చునే అర్ధచంద్రం లాంటి చోట, ఆ సన్నటి గాడుల్లో చుక్క చుక్క చొప్పున ధారాళంగా వేసేశాను. ఆ సాయంత్రం అన్నీ చకచకా కదిలాయి. నేనెంత గొప్పదాన్నో మా ఆయనకు చూపించాను కూడా. నాలుగు రోజులకు ఒక్కటీ కదల్లేదు.

కోనేరు సెంటరు దగ్గర పూర్వం టైపు మిషన్లు బాగు చేసిన పెద్దాయన ఒకరు ఉన్నారని తెలిసి ఆటోలో వేసుకుని వెళ్లాను. మూత తీసీ తియ్యగానే, "నూనె వేశారామ్మా?" అన్నారు. అవును బాబాయిగారూ అన్నాను. "పోపులో ఆవాలు మాడినట్టు మాడ్చారు" అన్నారు. ఆ గాడుల్లో ఏళ్ల తరబడి రబ్బరు పొట్టు రాలి ఉంటుందట, తప్పు కొట్టినప్పుడు చెరిపిన రబ్బరు. నూనె తగిలితే అది పిండిలా నాని పట్టేస్తుంది. అక్కడ ఎప్పుడూ పొడిగానే ఉండాలి. నూనె క్యారేజీ జారే పట్టాలకు మాత్రమే, అదీ గుడ్డతో అద్దాలి.

ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంటికొచ్చి చేశాను. వారం పట్టింది. ముందు పెయింటింగ్ బ్రష్షుతో పొడి దుమ్ము బయటికి లాగడం, లోపలికి తొయ్యకూడదు. తర్వాత కింద పేపర్లు పరిచి, పాత టూత్‌బ్రష్షు కిరోసిన్‌లో ముంచి ఒక్కో గాడీ రుద్దడం, మీట నొక్కడం, మళ్లీ రుద్దడం. ముద్దలు ముద్దలుగా నల్లటి బురద వచ్చింది. మా అత్తయ్యగారి పాత వెంకటగిరి చీర ముక్కతో తుడిచి ఆరబెట్టాను. మీటల మీద అక్షరాలకు కిరోసిన్ తగలకూడదు, సబ్బునీళ్లు పిండిన గుడ్డ చాలు. అక్షరపు అచ్చుల గుంటల్లో ఎండిన సిరాని గుండుసూదితో కాదు, అగ్గిపుల్ల చెక్కి తియ్యాలి. సూది అచ్చుని గీస్తుంది.

క్యారేజీని లాగే పట్టీ తెగిపోయింది. ఆ పట్టీ ఒక స్ప్రింగు డబ్బాకు చుట్టుకుని ఉంటుంది, మీట కొట్టినప్పుడల్లా ఒక్క గడి జరిగేలా క్యారేజీని లాగుతుంది. కొత్తది ఎక్కడ తెస్తాం? పెద్దాయనే ఉపాయం చెప్పారు. గిలకలదిండిలో వల అల్లే నైలాను తాడు మూర తెప్పించి కట్టాం. బందరు సముద్రం తుప్పు పట్టించిన మిషన్‌ని బందరు వలతాడే మళ్లీ నడిపించింది. రోలరు రబ్బరు రాయిలా గట్టిపడింది, దానికి మందు లేదు. కాగితం వెనక ఇంకో రెండు కాగితాలు పెట్టి కొడితే సరిపోతుందన్నారు.

ఆ వారం రోజులూ ఒక్కో అచ్చూ తుడుస్తుంటే, బీఏ తెలుగు చదివిన నాకు మూడేళ్లలో తట్టనిది ఒకటి తట్టింది. మా మిషన్‌కు మీటలు 46. షిఫ్టుతో కలిపి 92 గుర్తులు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, చిన్నవీ పెద్దవీ కలిపి 52. అంకెలూ చుక్కలూ వేసినా ఇంకా చోటు మిగులుతుంది. మనకో? 36 హల్లులకు తలా 12 గుణింతాలు వేసుకున్నా 400 దాటింది. ఇంక వత్తులు. మా బందరులోనే 1902లో మొదలైన కృష్ణా పత్రికలాంటివి అచ్చు వేసేటప్పుడు కంపోజిటరు ముందు వందల గళ్ల కేసు ఉండేది, చెయ్యి చాపి ఒక్కో సీసపు అక్షరం ఏరుకునేవాడు. మిషన్ మీద కూర్చున్న మనిషికి పది వేళ్లే. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. ఒళ్లు ఒక మీట, తలకట్టు ఒక మీట, గుడి ఒకటి, కొమ్ము ఒకటి, వత్తులు వేరే. కొన్ని మీటలు కొడితే గుర్తు పడుతుంది గానీ క్యారేజీ కదలదు, తర్వాతి ముక్క వచ్చి దాని మీదే కూర్చోవాలి కాబట్టి. నోటితో ఒక్కసారి అనే "స్త్రీ"ని వేళ్లతో ముక్క ముక్కగా కట్టాలి. ఇంటి ముగ్గు చుక్కలు పెట్టి కలిపినట్టే. ఇప్పుడు ఫోనులో మనం "క" కొట్టి పొల్లు కొట్టి ఇంకో "క" కొడితే వత్తు పడుతుంది చూడండి, ఆ పద్ధతి కూడా ముక్కలు కలపడమే. కాకపోతే కలిపే పని లోపల ఎవరో చేస్తారు.

అసలీ మిషన్ పుట్టుకే మన ఆడవాళ్లకు దగ్గరిది. అమెరికాలో షోల్స్ అనే ఆయన 1868లో పేటెంటు తీసుకున్నారు. దాన్ని అచ్చంగా తయారు చేసి 1874లో అమ్మింది తుపాకులూ కుట్టుమిషన్లూ చేసే రెమింగ్టన్ కంపెనీ. కుట్టుమిషన్ల విభాగంలో పుట్టింది కాబట్టి కాలి కింద పెడల్, నల్లటి ఒంటి మీద రంగురంగుల పువ్వులు. పెడల్ తొక్కితే క్యారేజీ వెనక్కి వచ్చేది. అన్నీ పెద్ద అక్షరాలే, షిఫ్టు మీట 1878లో గానీ రాలేదు. తొలి రోజుల్లో దాని మీద కొట్టినవాళ్లలో షోల్స్ గారి కూతురు ఒకరు.

మూత లోపలి తేదీలు అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఉప్పెన 77, ఇది 84 అని ఉందే అన్నాను. ఆవిడ కాసేపు నవ్వారు. "ఉప్పెనలో మనుషులే తేలలేదమ్మాయ్, ఇంత ఇనుము తేలుతుందా. మీ మామయ్య పిల్లాడికి చెప్పిన కబుర్లు అవి." తర్వాత చెప్పిందంతా నేను ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి విన్నది.

ఉప్పెనలో వాళ్ల నాన్నగారూ చిన్న తమ్ముడూ పోయారు. సాయం కోసం అర్జీ పెట్టాలి. ఒక చెట్టు కింద మిషన్ పెట్టుకుని కూర్చున్నాయన ఇంగ్లీషులో కొట్టి ఇచ్చాడు. వాళ్లమ్మగారు వేలిముద్ర వేశారు. అందులో ఏముందో ఇద్దరికీ తెలియదు. మూడు నెలలు తిరిగాక ఎవరో చదివి చెప్పారు, నాన్నగారి పేరు ఉండాల్సిన చోట తాతగారి పేరు పడిందని. తాత పోయి అప్పటికి పదేళ్లు. "ఆయన తప్పేం లేదు, వందల మందికి కొడుతున్నాడు. మనకి చదవడం రాదు, అదీ బాధ" అన్నారు అత్తయ్యగారు.

తెలుగు అధికార భాష అని 1966లోనే చట్టం వచ్చింది. అధికార భాషా సంఘం 1974లో వచ్చింది, వావిలాల గోపాలకృష్ణయ్య గారు తొలి అధ్యక్షులు. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు హైదరాబాదులో జరిపించిన విద్యామంత్రి మండలి వెంకట కృష్ణారావు గారిది మా అవనిగడ్డే. అన్నీ నిజమే. చట్టం వచ్చినంత మాత్రాన చెట్టు కిందికి తెలుగు మిషన్ రాదు కదా.

78లో అత్తయ్యగారిని గుడివాడలో అక్కగారింటికి పంపారు. అక్కడ నెహ్రూ చౌక్ దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇంగ్లీషు లోయరుకు బోలెడు మంది, మిషన్ దొరకదు. తెలుగు మిషన్ ఒక్కటే, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేది. బావగారు ఇంగ్లీషుకు ఫీజు కట్టారు, ఆవిడ తెలుగు కూడా నేర్చుకున్నారు. "ఎందుకే అంటే, అర్జీ కొట్టడానికి అన్నాను. అందరూ నవ్వారు." పెళ్లయి బందరు వచ్చేశాక, 1983లో గుడివాడ నుంచి రామారావు గారు గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. ఫైళ్లు తెలుగులో నడవాలన్నారు. ఆ ఊపులో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంకో తెలుగు మిషన్ కొన్నారట. అదే ఈ ఆరో నంబరు. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతబడ్డప్పుడు మామయ్యగారు దాన్ని కొని బస్సు మీద వేయించుకుని తెచ్చారు.

ఆ తర్వాత పదేళ్లు మా వీధిలో పింఛను అర్జీలు, రేషన్ కార్డు అర్జీలు, పట్టా అర్జీలు అన్నీ మా హాల్లోనే పుట్టాయి. పేజీకి రెండు రూపాయలు. కొట్టాక చదివి వినిపించి, పేరు సరిగ్గా ఉందా అని రెండుసార్లు అడిగి గానీ ఇచ్చేవారు కాదట. మా ఆయన ఇంటర్ ఫీజు ఆ డబ్బే. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకెప్పుడూ చెప్పలేదు. "అమ్మ ఏదో టైపు కొట్టుకునేది" అని మాత్రం చెప్పారు. నేను విన్నదీ అంతే.

మొన్న ఆదివారం కొత్త రిబ్బను ఎక్కించి, మిషన్‌ని హాల్లో కిటికీ పక్కన పెట్టాం. ఫ్రిజ్ వంటింట్లోకి వెళ్లింది, తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు, సర్దుకుంటున్నాం. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని ముందు మీటలన్నీ ఒకసారి తడిమారు. కళ్లు కిటికీ వైపు ఉన్నాయి. వేళ్లు మొదట తడబడ్డాయి, తర్వాత నడిచాయి. "మహారాజశ్రీ తహసీల్దారు గారికి" అని కొట్టి, కింద అర్జీదారు అని, పక్కన వాళ్ల నాన్నగారి పేరు కొట్టారు. చదవమన్నారు. చదివాను.

"కొమ్ము పడలేదు కదూ" అన్నారు. కాగితం దగ్గరగా పట్టి చూశాను. నిజంగానే "కు" దగ్గర కొమ్ము సగమే పడింది. మీకెలా తెలిసిందత్తయ్యా అన్నాను.

"చప్పుడు తేడాగా ఉంది. ఆ కమ్మీ వంగింది, రోలరుకు ఆనడం లేదు. రేపు ఆయన దగ్గరికి తీసికెళ్లు."