శాటిలైట్‌కీ యాప్స్ ఉంటాయి, తెలుసా?

మీ ఫోన్, మీ ఫ్రెండ్ ఫోన్ వేర్వేరు కంపెనీలవి. అయినా వాట్సాప్ రెండిట్లోనూ పనిచేస్తుంది కదా? అంతరిక్షంలో మాత్రం చాలాకాలం ఈ సుఖం లేదు. పాత మిషన్ కోడ్ తెచ్చి, కొత్త హార్డ్‌వేర్‌కి తగ్గట్టు మార్చుకునేవాళ్లు.

అందులో రిస్క్ ఎంతో 1996 జూన్ 4న యూరప్‌కి తెలిసొచ్చింది. ఏరియన్ 4 రాకెట్ కోడ్‌లో కొంత ఏరియన్ 5లో అలాగే పెట్టారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. సుమారు 40 సెకన్లకే రాకెట్ పేలిపోయింది. లోపలున్న 4 శాటిలైట్లూ పోయాయి.

అమెరికాలో నాసా గాడర్డ్ సెంటర్ ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్‌ని పొరలుగా విడగొట్టారు. దాని పేరు కోర్ ఫ్లైట్ సిస్టమ్. కింది పొర ప్రాసెసర్‌తో, ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడుతుంది. పైన యాప్స్ ఉంటాయి. అవి ‘సాఫ్ట్‌వేర్ బస్’ ద్వారా మెసేజ్‌లు పంపుకుంటాయి. ప్రాసెసర్ మారితే ప్రధానంగా కింది పొర మారుస్తారు. 2009లో చంద్రుడి దగ్గరికెళ్లిన ఎల్‌ఆర్‌ఓలో దీని కోర్ భాగం వాడారు. ఇప్పుడు ఇది ఓపెన్ సోర్స్. గిట్‌హబ్‌లో మీరూ చూడొచ్చు.

కానీ ఏరియన్ పాఠం మర్చిపోకూడదు. పొరలెన్ని ఉన్నా, పాత కోడ్‌ని కొత్త ప్రయాణానికి మళ్లీ టెస్ట్ చేయాల్సిందే.