మునిగిన ఊరి తలుపు

ఆ మధ్య కొల్లాపూర్ వైపు మా అత్తమ్మ ఇంటికి వెళ్లినప్పుడు, పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉన్న పాత టేకు తలుపు రెక్క ఒకటి కంటబడింది. పైనంతా పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు. మర్నాడు పొయ్యిలోకి పోవలసిన కర్ర అది. అడిగి తెచ్చుకున్నాను. రంగు గీకించి, స్టెయిన్ పట్టించి, రాతబల్ల చేయించుకోవాలని నా కోరిక. బండికి ఎత్తిస్తున్నప్పుడు అత్తమ్మ ఒకే మాట అన్నది: "అది మునిగిన ఊరి తలుపు బిడ్డా, పైలం."

ఆ మాట అర్థం కావాలంటే కొంత వెనక్కు వెళ్లాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ గీతకు లోపల కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలు సుమారు నూరు ఉన్నాయి. 1981లో వాటిని ఖాళీ చేయించారు. అంతకుముందే నల్లగొండ జిల్లా ఈ అనుభవాన్ని చూసింది. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ కింద ఏలేశ్వరం వంటి ప్రాచీన స్థలాలు మునిగిపోయాయి.

గుళ్ల సంగతి మనకు తెలుసు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి, అలంపురానికి తెచ్చి తిరిగి నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని కూడా ఎత్తైన చోటికి తరలించారు. పురావస్తు శాఖ వారి ఆ శ్రమ నిజంగా మెచ్చదగినది. అయితే మామూలు ఇంటిని తరలించడానికి ఏ శాఖా లేదు. ఆ పని ఇంటివాళ్లే చేసుకున్నారు. మట్టిగోడ వెంట రాదు. వచ్చేది కర్ర ఒక్కటే. దూలాలు, వాసాలు, దర్వాజలు, సందుగలు ఎడ్లబండ్లకెక్కాయి. మా అత్తమ్మ వాళ్ల కొత్త ఇంట్లో తలుపు కొలతను బట్టి గోడ పెట్టారు గాని, గోడను బట్టి తలుపు చేయించలేదు. పాత ఇంటి ఎత్తూ వెడల్పూ అట్లా కొత్త ఇంటికి నడిచి వచ్చాయి.

పాత సామాను పారవేయక, మరింత విలువైన వస్తువుగా మలచడాన్ని నేడు అప్‌సైక్లింగ్ అంటున్నారు. 1994లో రైనర్ పిల్జ్ అనే జర్మన్ ఇంజనీరు ఈ మాటను వాడినది, కూల్చిన ఇళ్ల తలుపులూ ఇటుకలూ మళ్లీ వాడుకోవడం గురించి వ్రాసే సాల్వో అనే పత్రికలోనట. ఆ మాట పుట్టకముందే మా కృష్ణాతీరం వాళ్లు ఆ పని చేశారు. తేడా ఒక్కటే: వాళ్లది సరదా కాదు, గత్యంతరం లేకపోవడం.

ఇక నా తలుపు. పని ఒప్పుకున్న వడ్ల పెద్దయ్య ముందుగా తడిబట్ట వేసి, తడిపి గీకడం మొదలుపెట్టాడు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది కనుక పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చరాదు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన అమలుకు వచ్చింది 2017 నవంబరులోనే. ఆకుపచ్చ పొర లేచింది. కింద నీలం. దాని కింద జాజు ఎరుపు. అన్నిటికీ అడుగున నూనె, పొగ, చేతుల జిడ్డు కలిసి నల్లబడిన అసలు కర్ర.

"నీలం దాంక కొత్తూరిది సారూ. ఎర్రది పాతూరిది," అన్నాడు పెద్దయ్య, అత్తమ్మ చెప్పిన కథ విన్న తరువాత. ఆ రెండు పొరల మధ్య ఒక ఊరు మునిగింది. వెంట్రుక మందం కూడా లేదు.

ఎరుపు పొర కింద, గొళ్లెం పక్కన, మొలతో గీసిన చిన్న చిన్న గీతలు వరుసగా బయటపడ్డాయి. ఫోనులో అత్తమ్మను అడిగాను. "మా అత్త పాల లెక్క గీసేది. చదువు రాదు గద," అన్నది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇంకున్నయా అవి?" అని అడిగింది.

చిక్కు అక్కడే వచ్చింది. రంగు కర్ర మీద పొరగా నిలుస్తుంది, కిందిదాన్ని దాచుతుంది. స్టెయిన్ అట్లా కాదు. నారలోకి ఇంకి, కర్ర రేఖలను పైకి చూపిస్తుంది. కాని నూనె తాగిన కర్రలోకి అది ఇంకదు. జిడ్డు పోయేదాకా రందా పట్టాలి, గరుకు కాగితంతో రుద్దాలి. "నున్నగ రావాల్నంటె గీతలు పోతయి సారూ. లప్పం పెట్టి కప్పుమన్నా కప్పుత. ఏదో ఒకటి చెప్పు," అన్నాడు పెద్దయ్య. అందమైన బల్ల కావాలా, పాల లెక్క కావాలా?

చివరకు మూడు పలకల్లో రెంటికి రందా పట్టించాను. గీతలున్న పలకను ముట్టవద్దన్నాను. రెండు పలకలకు స్టెయిన్, ఆపైన మూడింటికీ లక్క పాలిష్. లక్కపురుగు బతికేది మన ఎగువ నేలల్లో విరివిగా పెరిగే మోదుగ, రేగు వంటి చెట్ల మీదనే. దాని జిగురును స్పిరిట్‌లో కరిగించి పూస్తే అదే పాలిష్. బల్ల ఇప్పుడు రెండు రంగులుగా ఉన్నది. చూసినవాళ్లు పని సగంలో ఆగిందనుకుంటున్నారు.

పాతదాన్ని బాగుచేయడమంటే ఎంత తీసివేయాలో తెలియడమేనని నాకిప్పుడు అనిపిస్తున్నది. గుడి రాతి మీది శాసనాన్ని అరగదీయడానికి ఎవరూ సాహసించరు. తలుపు మీది పాల లెక్క కూడా ఒక శాసనమే. వ్రాసినామెకు అక్షరాలు రావు, అంతే.

మొన్న అత్తమ్మ వచ్చి బల్ల చూసింది. నునుపైన పలకల వైపు చూడనే లేదు. గీతల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే లెక్కబెట్టింది.

మీ ఇళ్లలోనూ ఇటువంటి తలుపో, సందుగో ఉండవచ్చు. గరుకు కాగితం అందుకునే ముందు, ఇంట్లోని పెద్దవాళ్లను ఒకసారి అడగండి.