తలకు వెల: ఇటలీ కౌబాయ్ నుంచి మన మన్యం వరకు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాసి యిమ్మని కార్యదర్శి గారు అడిగారు. కోటలు, శాసనాలు నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలోనే వున్నారు గనుక నేనొక సినిమా గురించి వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి వూరుకున్నారు. చివరిదాకా చదివితే యిది చరిత్రేనని మీరే ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఆ సినిమా "మోసగాళ్ళకు మోసగాడు". 1971 ఆగస్టు 27న విడుదలయింది. పద్మాలయా వారి చిత్రం. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకులు. కృష్ణ, విజయనిర్మల, నాగభూషణం ముఖ్య పాత్రధారులు. తోలు టోపీ, నడుముకు తుపాకీ, గుర్రం, ఎడారి, యివన్నీ తెలుగు మాట్లాడితే ఎలా వుంటుందో జనం మొదటిసారి నిండుగా చూశారు. కృష్ణ గారు పుట్టింది తెనాలి దగ్గర బుర్రిపాలెమైనా, డిగ్రీ చదివింది ఏలూరు సి.ఆర్. రెడ్డి కళాశాలలో. 1989లో ఏలూరు నుంచే పార్లమెంటుకు గెలిచారు. అందుచేత మన గోదావరి వాళ్ళకు ఆయన బయటి మనిషి కాదు.

అప్పటికి నేను కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. సినిమా చూసి వచ్చిన మర్నాడు సెక్షనులో కథంతా చెప్పాను. మా యు.డి.సి. గారు నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఎవరూ కోరుకోని ఏజెన్సీ బదిలీ మీద కొన్నాళ్ళు రంపచోడవరం వైపు పనిచేసి వచ్చిన మనిషి. ఆయన ఫైలు మీదనుంచి తలెత్తకుండా, "అబ్బాయ్, మనిషి తలకు వెలకట్టిన కాగితం చూసి చప్పట్లు కొట్టొచ్చావన్నమాట. ఆ కాగితం వ్రాసేది ఎవరో తెలుసా? మన బోటి గుమాస్తాయే" అన్నారు. నాకు వొళ్ళు మండింది. సినిమాకి రాజకీయం అంటగడతారేమిటండీ అని వాదించాను. ఆ వాదన తేలలేదు. ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. యీ వ్యాసం నేను ఆయనకు బాకీపడ్డ సమాధానం.

ముందు కౌబాయ్ పుట్టుక సంగతి. కౌబాయ్ చిత్రాలు అమెరికావి. కాని మన వాళ్ళను పట్టి లాగినవి ఇటలీ వాళ్ళు తీసినవి. సెర్జియో లియోన్ అనే దర్శకుడు 1964, 1965, 1966లలో వరసగా మూడు తీశాడు. ఎడారి దృశ్యాలు చాలావరకు స్పెయిన్ దేశంలో అల్మేరియా ప్రాంతంలో తీసినవి. ఇటలీ వాళ్ళు తినే సేమ్యా వంటి పదార్థం పేరు పెట్టి వీటిని స్పాగెట్టి వెస్టర్న్ అని వెక్కిరించారు. ఆ వెక్కిరింపే పేరుగా నిలిచింది. మూడో చిత్రంలో ఒక తమాషా వుంది. ఒకడు తన తోడుదొంగను సర్కారుకు అప్పగించి బహుమతి సొమ్ము పుచ్చుకుంటాడు. వాణ్ణి ఉరి తీయబోతుంటే దూరం నుంచి తాడును తుపాకితో కొట్టి విడిపిస్తాడు. తర్వాత యిద్దరూ సొమ్ము పంచుకుంటారు. ఆ తోడుదొంగకు తెలుగు తమ్ముడే మన నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న.

అదే ఇటలీలో మరికొందరు యీ బాణీలోనే సూటిగా రాజకీయం చెప్పారు. 1966లో డామియానో డామియాని తీసిన "ఎ బుల్లెట్ ఫర్ ది జనరల్" అటువంటిది. దాని రచనలో చేయి వేసిన ఫ్రాంకో సోలినాస్, అదే ఏడు వచ్చిన "ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్" రచయిత. వలస పాలన మీద తిరుగుబాటు ఆయనకు అభిమాన విషయం. యీ చిత్రం మెక్సికో విప్లవ కాలం నాటి కథ. ఒక అమెరికన్ యువకుడు తుపాకుల దొంగల ముఠాలో చేరతాడు. అతడు నిజానికి విప్లవ సేనానిని చంపడానికి సర్కారు కుదుర్చుకున్న మనిషి. పని ముగించి, బహుమతి బంగారంలో సగం ముఠా నాయకుడికి నిజాయితీగానే యిస్తాడు. ఆ నాయకుడు మొదట సంతోషిస్తాడు. చివరి ఘడియలో ఆ స్నేహితుణ్ణే కాల్చేస్తాడు. ఎందుకో నోటితో చెప్పలేడు గాని చూసేవాడికి అర్థమవుతుంది. మా మనవడు టీవీలో పెట్టి చూపించగా యీ మధ్యనే చూశాను. మా యు.డి.సి. గారు గుర్తుకు వచ్చారు.

మన సినిమాకు కథ, మాటలు సమకూర్చినది ఆరుద్ర గారు. "త్వమేవాహం" వ్రాసిన అభ్యుదయ కవి, "సమగ్ర ఆంధ్ర సాహిత్యం" చేసిన పరిశోధకుడు. ఆయన కథను అమెరికాలో వుంచలేదు. ఇంగ్లీషు దొరల కాలానికి తెచ్చారు. అమరవీడు అనే సంస్థానం నిధి తెల్లవాళ్ళ చేతిలో పడకుండా దాచడంతో కథ నడుస్తుంది. లియోన్ చిత్రంలో బంగారం ఎవడికి దొరికితే వాడిది. ఆరుద్ర గారి కథలో నిధికి ఒక వూరు, ఒక హక్కు వున్నాయి. ఆయన రాజకీయ గ్రంథం వ్రాశారని నేననను. జనం ఈలలు వేయడానికే వ్రాశారు. అయినా అరువు తెచ్చిన బట్టకు మన కొలత పెట్టి కుట్టారు.

ఇక అసలు విషయం. తలకు వెల కట్టడం మనకు సినిమాతో వచ్చింది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యం జనానికి పోడు వ్యవసాయం కష్టమైపోయింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్ల పనికి గిరిజనుల చేత వెట్టి చేయించాడు. ఆ మంటలోంచి వచ్చినవాడు అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. సర్కారు ఆయన తల మీద 10,000 రూపాయలు ప్రకటించింది. 1924 మే 7న ఆయనను చంపివేశారు.

ఇందులో గుమాస్తాగా నన్ను కదిలించే సంగతి ఒకటుంది. తీసుకుపోయిన ఆయుధాల వివరం స్టేషను రికార్డులో వ్రాసి, సీతారామరాజు స్వయంగా సంతకం చేశాడు. కౌబాయ్ ఎవడూ రశీదు యివ్వడు. రశీదు యిచ్చినవాడు, నేను దొంగను కాను, లెక్క చెప్పగలవాణ్ణి అంటున్నాడన్నమాట. ఎదురుగా సర్కారు కాగితం ఆయనను పట్టి యివ్వవలసిన నేరస్థుడంటున్నది. రెండు కాగితాలూ రికార్డే. ముప్పై అయిదేళ్ళు రికార్డులు మోసిన నాకు యీ రెండింటి తేడా తెలియడానికి రిటైరయ్యేదాకా పట్టింది.

విశేషమేమంటే, మూడేళ్ళు తిరక్కుండానే ఆ కౌబాయే టోపీ తీసేసి కాషాయం కట్టాడు. 1974 మే 1న "అల్లూరి సీతారామరాజు" వచ్చింది. కృష్ణ గారికి నూరవ చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్. దర్శకుడు వి. రామచంద్రరావు గారు మధ్యలో కాలం చేస్తే, పోరాట ఘట్టాలు తీసినది మళ్ళీ కె.ఎస్.ఆర్. దాస్ గారే. శ్రీశ్రీ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. గుర్రాలు, తుపాకులు, తలకు వెల అన్నీ మునుపటివే. ప్రేక్షకుడు కూర్చున్న వైపు మాత్రం మారింది.

తర్వాత మన మొగల్తూరు చిరంజీవి గారు 1990లో "కొదమసింహం", 2002లో మహేష్ బాబు "టక్కరి దొంగ" చేశారు. కృష్ణ గారు 2022 నవంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడు ఆయన పుట్టినరోజున, మే 31న, "మోసగాళ్ళకు మోసగాడు"ను కొత్త హంగులతో మళ్ళీ వేశారు. నేను వెళ్ళాను. హాలు నిండా మనవళ్ళ ఈడు పిల్లలు. ఈలలు అవే. నేను మాత్రం యీసారి ఈల వేయలేదు. వయసు వల్లనే కాదు.

మా యు.డి.సి. గారు వుంటే చెప్పేవాణ్ణి: "మీరన్నదే నిజమండీ. కాగితం వ్రాసేది మనమే. ఎవరి మీద వ్రాస్తున్నామో ఒకసారి తలెత్తి చూసుకోవలసింది."

ఏజెన్సీలో పనిచేసిన మిత్రులు మన సంఘంలో పలువురున్నారు. అక్కడి పాత రికార్డులలో తాము చూసినవీ, పెద్దల నోట విన్నవీ వ్రాసి పంపితే వచ్చే సంచికకు నిజమైన చరిత్ర సమకూరుతుంది. శలవు.