కార్డు ముక్క

పెళ్ళయిన కొత్తలో అమ్మకు కార్డు రాశాను, 'ఇక్కడ పొగపొయ్యి, చేదబావి, నా వల్ల కాదు' అని. పోస్టులో వెయ్యమని మరిదికిస్తే వాడు వాకిట్లోనే పైకి చదివేశాడు! అత్తయ్యగారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకే మార్జరీ మిషెల్‌మోర్ కథ తెలిసినప్పుడు నాకు నవ్వు రాలేదు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ పీస్ కోర్ పెట్టాడు. దూరదేశాల బళ్ళలో పాఠాలు చెబుతామని చదువుకున్న పడుచువాళ్ళు బయల్దేరారు. 23 ఏళ్ళ మార్జరీ నైజీరియా వెళ్ళింది. ముందు ఇబాదాన్‌లో, అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో శిక్షణ. అక్టోబరులో స్నేహితుడికో కార్డు రాసింది, ఇక్కడంతా మురికి, ఆటవిక జీవనం, వంటలు కూడా వీధిలోనే అని. పోస్టు కాకముందే అది ఎక్కడో జారిపోయింది. దొరికినవాళ్ళు నకళ్ళు తీసి విద్యార్థులందరికీ పంచారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాదే అయిన దేశమాయె! మండిపడరూ? ఊరేగింపులు, నిరసనలు. పాపం, ఆ పిల్ల క్షమాపణ చెప్పుకుని, తనే అడిగి ఇంటికి వెళ్ళిపోయింది. కెనెడీ ధైర్యం చెబుతూ ఉత్తరం రాశాడట. తోటివాళ్ళు మాత్రం అక్కడే ఉండి పాఠాలు చెప్పారు.

ఆమె అబద్ధం రాయలేదు. నేనూ రాయలేదు. అయిదోరోజున అత్తయ్యగారు అడిగింది ఒకటే: "ఇన్నేళ్ళూ ఆ పొయ్యి ముందు కూర్చున్నదెవరే, అమ్మాయ్?"