రివెట్ కొట్టకముందు

గ్యారేజీలో కారు నిలిచే చోట పొడవాటి చెక్కపెట్టె ఉంది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రపు అరోరా నుంచి వచ్చింది. 1973లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ మొదలుపెట్టిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ పంపిన, ఇంట్లోనే కట్టుకునే ఆర్‌వీ-7 విమానపు రెక్కల కిట్ ఇది. తోక కట్టడం అయిపోయింది, గోడకు వేలాడుతోంది. ఇక రెక్కల వంతు.

మూత తీయండి. గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లాలు ఒకదాని మీద ఒకటి. జాబితా పట్టుకుని ఒక్కో రేకు నంబరూ చూసి టిక్కు పెట్టుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ లోటు ఇవాళ తెలిస్తే ఒక్క ఉత్తరంతో పోతుంది.

అడుగున బంగారు రంగు స్పార్, అంటే రెక్క పొడవునా సాగే దూలం. ఇంకొకరి చెయ్యి ఉంటేనే ఎత్తండి. రెక్క మోసే బరువంతా దీనిదే, అందుకే దీని రివెట్లు ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు. మిగతాది మీ పని. నేర్చుకోవడానికో, వినోదానికో కట్టుకునే విమానంలో ఎక్కువ భాగం కట్టుకునేవాళ్ళే చేసి ఉండాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధన.

ఇప్పుడొక రిబ్, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డుముక్క, చేతిలోకి తీసుకోండి. పలచని అల్యూమినియం, దాదాపు బరువే తెలియదు. అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరపండి. గరుకు తగిలిందా? రేకు కత్తిరించినప్పుడు మిగిలిపోయిన గరుకది. గాలిలో రెక్క వంగి, లేచి, మళ్ళీ వంగుతూ ఉంటే పగులు మొదలయ్యేది ఇలాంటి చోటే. ఆకురాయితో రుద్దండి, తర్వాత స్కాచ్‌బ్రైట్ చక్రానికి ఆనించండి. లోపలి మూలల్లోకి చక్రం పోదు, అక్కడ చుట్టిన గరుకు కాగితమే గతి. వేళ్ళు నల్లబడతాయి. వేలు ఎక్కడా ఆగకుండా జారిందంటే ఆ రిబ్ పని అయింది, పక్కన పెట్టి ఇంకోటి తీయండి. నా లెక్కలో రెక్క కట్టడమంటే ఇదే.

అదే రిబ్‌ను బల్ల మీద పరచండి. విల్లులా వంగి ఉంది. వంపు వెంట అంచు మడిచినప్పుడు మిగిలిన లోహం దాన్ని అలా లాగుతుంది. ఫ్లూటింగ్ ప్లయర్‌తో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య చిన్న నొక్కు నొక్కండి. మళ్ళీ చూడండి. ఇంకో నొక్కు. రంధ్రాలన్నీ ఒకే వరుసలోకి వచ్చేదాకా ఇంతే. తర్వాత కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ కొట్టాలి.

నేలకూ పైకప్పుకూ బిగించిన రెండు స్తంభాల మధ్య స్పార్‌ను అడ్డంగా నిలబెట్టాలి. రిబ్బులను ముందు క్లికోలతోనే, అంటే రివెట్ల బదులు తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులతోనే, పట్టించండి: సన్న రంధ్రాలకు వెండిరంగువి, 1/8 అంగుళం వాటికి రాగిరంగువి. గుండు కట్టిన దారాలు వేలాడదీసి, వెనక స్పార్ ఎంత దూరంలో ఉందో రెండు చివర్లా కొలవండి. ఆర్‌వీ-7 రెక్క మొదట్లో ఎంత వెడల్పో చివర్లోనూ అంతే, కాబట్టి రెండు కొలతలూ ఒక్కటే రావాలి. రాకపోతే రెక్క మెలితిరిగినట్టు, ఎగిరినంతకాలం విమానం ఒక పక్కకు ఒరగాలని చూస్తుంది.

1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన, సొంతంగా విమానాలు కట్టుకునేవారి సంఘం ఈఏఏలో టెక్నికల్ కౌన్సెలర్లు ఉన్నారు, స్వచ్ఛందంగా వచ్చి పని చూసిపెడతారు. రేకు కప్పాక లోపలి గీత ఎవరికీ కనబడదు. మొదటి రివెట్‌కు ముందే వారిని పిలవండి.