కంపెనీలో అన్నం మెతుకు

"ఒక్కర్తినే వెళ్లలేను, కాస్త కంపెనీ ఇవ్వవే" అంటాం, మ్యాట్నీకి గాని, చీరల షాపుకు గాని. ఆ మాట మూట విప్పితే లోపల రొట్టె ముక్క కనబడుతుంది! లాటిన్‌లో 'కం' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. ఒక రొట్టెను పంచుకు తినేవాడు కంపానియన్, అలాంటివాళ్లు నలుగురు చేరితే కంపెనీ. మనకు రొట్టె కాదు, బువ్వ. పెళ్లిలో వధూవరుల్ని కూర్చోబెట్టి తినిపించే బువ్వంబంతి ఉందే, దానికన్నా మంచి తర్జుమా నాకు తోచదు.

వర్తకులు కూడా ఈ పేరే పెట్టుకున్నారు. వాళ్లు పంచుకునేది లాభం. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి పట్టా ఇచ్చిన ఈస్టిండియా కంపెనీ, తిరిగి తిరిగి 1801లో తిరుమల గుడి పెత్తనానికి వచ్చింది. ఆర్కాటు నవాబు సీమతోపాటు వెంకన్న హుండీ కూడా చేతికి చిక్కింది. ఖర్చులు పోను మిగిలింది ఖజానాకు. 1821లో బ్రూస్ కోడు పేరిట గుడికి నిబంధనలు రాశారు. క్రైస్తవ దొరలు హిందూ గుడి నడపడమేమిటని సీమలో గోల లేస్తే, 1843లో హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి తప్పుకున్నారు. నలభై రెండేళ్లు! పేరులో సహపంక్తి ఉన్నా, లెక్క చూడడమే తప్ప పంక్తిలో కూర్చున్నది లేదు.

అంతకు ముందు కొండమీద పంపకం వేరుగా ఉండేది. నైవేద్యానికి భూమో సొమ్మో ఇచ్చిన దాతకు ఆ ప్రసాదంలో నాలుగో వంతు హక్కు. అరవ శాసనాల్లో దాన్ని 'విట్టవన్ విళుక్కాడు' అన్నారు, ఇచ్చినవాడి వంతు అని. చాలామంది ఆ వంతును తాము తినలేదు. సాళువ నరసింహరాయలు కట్టించిన రామానుజకూటాల్లో యాత్రికులకు పెట్టమని రాసిచ్చారు. వాటా చెల్లదని ఎవరూ అనలేదు, తినేవాళ్లు మాత్రం మారారు.

కంపెనీ దొరలు లెక్కలు చూస్తున్న రోజుల్లోనే అదే కొండమీద మన తరిగొండ వెంగమాంబ ఉండేది. భర్త పోయినా జుట్టు తీయించుకోనని పట్టుబట్టిందని చెప్పుకునే ఆవిడే. పద్యాలు రాసింది, వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది. 1817లో పోయింది. 2011 నుంచి తిరుమల అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే. కంపెనీ దొరల పేర్లు అడిగితే నాకూ బ్రూసు ఒక్కడే గుర్తొస్తాడు.