కర్ర మీద జాలరి: ఆ ఫోటో వెనక ఉన్న అసలు కథ

సముద్రంలో పాతిన కర్ర మీద కూర్చుని గాలం వేసే శ్రీలంక జాలరి ఫోటో మీ ఫోన్లో ఎప్పుడో ఒకప్పుడు కనబడే ఉంటుంది. అది వేల ఏళ్ల నాటి పద్ధతని నేనూ అనుకున్నాను. కాదండి, దానికి ఇంకా వందేళ్లు కూడా నిండలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. తిండికి కటకట. శ్రీలంక దక్షిణ తీరంలో రాళ్ల మీద నిలబడి గాలం వేసేవాళ్లు పెరిగిపోయి, చోటు చాలలేదు. దాంతో కొందరు మునిగిన ఓడల మీద, కూలిన విమానాల మీద ఎక్కి చేపలు పట్టారని చెబుతారు. ఆ తర్వాత పగడపు దిబ్బల్లో కర్రలు పాతడం మొదలైంది. కూర్చోవడానికి అడ్డంగా కట్టే కర్రని 'పెట్ట' అంటారు. ఒక చేత్తో కర్ర పట్టుకోవాలి, ఇంకో చేత్తో గాలం వెయ్యాలి. పడవ అక్కర్లేదు, వల అక్కర్లేదు. పడేవి మాత్రం చిన్న చేపలే.

1995లో స్టీవ్ మెక్‌కరీ వెలిగమలో తీసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 2004 డిసెంబర్ 26న సునామీ ఆ తీరాన్ని దెబ్బకొట్టింది. ఇప్పుడు కొగ్గల వైపు కర్రెక్కేవాళ్లలో చాలామంది టూరిస్టుల కోసమే ఎక్కుతున్నారు. ఫోటో తీస్తే డబ్బులడుగుతారు.

"అంతా మోసం" అనేస్తాం మనం. నేనలా అనలేను. అప్పుడు పొట్టకోసమే ఎక్కారు, ఇప్పుడూ పొట్టకోసమే. కాకపోతే ఫోటోకి కూర్చోవడమే బతుకుతెరువైతే, అలల మధ్య చేపని పట్టే నేర్పు పిల్లలకి ఎవరు నేర్పుతారు? నా బెంగల్లా అదే.

మీరెప్పుడైనా అక్కడికెళితే, అడిగి ఫోటో తీసుకోండి, డబ్బులివ్వండి. కింద మాత్రం "వేల ఏళ్ల సంప్రదాయం" అని రాయకండి. ఆకలి నేర్పిన విద్య అని రాయండి. మళ్లీ కలుద్దాం!